బదనిక వేరులో బూజును చూడాలంటే

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను పడుకోబెట్టినప్పుడు, విరిగిన మామిడి కొమ్మతో పాటు ఒక బదనిక నా చేతికి వచ్చింది. మా వైపు చెట్టు మీద మొలిచిన దేన్నైనా బదనికే అనేస్తారు. ఇది చెట్టు రసం పీల్చే రకం కాదు, వాండా టెస్సెలాటా అనే ఆర్కిడ్. పెరట్లో మామిడికి కొబ్బరి పీచుతో కట్టాను, నిలదొక్కుకుంది. అప్పటి నుంచి ఏటా మా స్కూలు పిల్లలకు దాని వేరుతోనే ఒక పాఠం: వేరు లోపల బతికే బూజును, అంటే ఫంగస్‌ను, చూడటం.

వేరు ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. మొదటి ఏడు గాలిలో వేలాడుతున్న వేరు కోసి, క్లాసంతటికీ ఖాళీ స్లైడు చూపించాను. బూజు ఎక్కువగా దొరికేది బెరడును కరుచుకున్న వేళ్లలో. గోరంత ముక్క చాలు. అడవికెళ్లి మొక్కలు పీకొద్దు, విరిగిపడిన కొమ్మలు వెతుక్కోండి.

బంగాళదుంప ముక్కకు గాటు పెట్టి వేరును అందులో ఇరికించండి. కొత్త బ్లేడును నీళ్లలో తడిపి అడ్డంగా, వీలైనంత పల్చగా కోయండి. ఇరవై కోస్తే రెండు పనికొస్తాయి, టెన్షన్ పడొద్దు. గాజులా కనిపించే వాటిని బొమ్మలేసే బ్రష్షుతో ఎత్తి, పంతొమ్మిది చుక్కల వెనిగర్‌కు ఒక చుక్క నీలం పెన్ను సిరా కలిపి అందులో పది నిమిషాలు ఉంచండి. తర్వాత కాస్త వెనిగర్ వేసిన నీళ్లలో కడగండి. ఉత్త నీళ్లయితే రంగు త్వరగా దిగిపోతుంది.

మైక్రోస్కోపులో ముందు చిన్న లెన్సుతోనే చూడండి. అంచున స్పాంజిలాంటి పొర కనిపిస్తుంది, వాన నీళ్లు పీల్చుకునేది అదే. దాని లోపల గదులు గదులుగా ఉంటుంది. కొన్ని గదుల్లో నీలం దారం చిక్కుపడి ఉంటుంది. "మేడం, నూడుల్స్!" అంది మొన్న ఒక పిల్ల. అదే బూజు. కొన్ని గదుల్లో ఆ చుట్ట ముడుచుకుపోయి పసుపు ముద్దలా ఉంటుంది. దాన్ని మొక్క అరిగించుకుంటోందన్నమాట.

ఆర్కిడ్ విత్తనం దుమ్ములా ఉంటుంది, లోపల తిండి నిల్వ ఉండదు. అందుకే అడవిలో మొలకెత్తాలంటే బూజు లోపలికి వచ్చి తిండి పెట్టాలి. 1899లో నోయెల్ బెర్నార్డ్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త పట్టుకున్న సంగతి ఇది. అలాగని దాన్ని ఇల్లంతా తిరగనివ్వదు మొక్క. యూరప్‌లో నేల మీద పెరిగే ఆర్కిడ్ల దుంపలకు బూజు సోకితే ఆర్కినాల్ అనే పదార్థం తయారవుతుంది, అది బూజు పెరుగుదలను అడ్డుకుంటుంది. మీ స్లైడులోనూ వేరు నడిమి భాగం చూడండి, అక్కడ నీలం దారాలు ఉండవు.

ఒక గ్లిజరిన్ చుక్క వేస్తే స్లైడు సాయంత్రం దాకా ఆరదు. సిరా అంటిన బంగాళదుంపను మాత్రం వంటింట్లోకి తీసుకెళ్లకండి, నాకు ఇంట్లో చీవాట్లు పడ్డాయి.