పాత గేర్ల చేతక్ స్కూటరు వెనక డ్రమ్ము స్ప్లైన్లు అరిగితే

క్లచ్ వదలగానే వెనక "టక్" మని ఆ తర్వాతే బండి కదులుతుంటే క్లచ్ ప్లేట్ల జోలికి పోవద్దు, ముందు వెనక బ్రేకు డ్రమ్ము స్ప్లైన్లు, అంటే డ్రమ్మునూ యాక్సిల్‌నూ (ఇరుసునూ) కలిపి పట్టే పళ్ళు చూడాలి. కావలిలో నా దగ్గరికొచ్చిన చేతక్‌కు అప్పటికే కొత్త ప్లేట్లు వేసున్నాయి, శబ్దం మాత్రం పోలేదు.

ఇంజను ఆపి, స్టాండు వేసి, మొదటి గేరులో పెట్టి చక్రాన్ని ముందుకూ వెనక్కూ ఆడించాలి. నడిమి నట్టు కదలకుండా డ్రమ్ము ఒక్కటే ఆడితే స్ప్లైన్లు అరిగినట్టే. నట్టు చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు.

అసలు కారణం నట్టు వదులవడం. రేసిచ్చినప్పుడు ఒకవైపు, వదిలినప్పుడు రెండోవైపు దెబ్బలు పడి పళ్ళు కత్తిలా పదునుదేలతాయి.

చక్రం నేలమీద ఉండగానే, నట్టు ఊడకుండా అడ్డంగా ఉండే స్ప్లిట్ పిన్ను తీసి, బ్రేకు తొక్కి నట్టు వదులుచేయాలి. పళ్ళు పూర్తిగా పోయుంటే బ్రేకు యాక్సిల్‌ను ఆపదు, మొదటి గేరులో పెట్టి విప్పాలి. డ్రమ్ము రాకపోతే పుల్లరు (లాగి ఊడదీసే పనిముట్టు) వాడాలి. అంచుమీద సుత్తితో కొడితే పగులుద్ది.

కొత్త డ్రమ్మును చేత్తో ఎక్కించి చూడండి. అప్పుడూ ఆడితే యాక్సిల్ కూడా మార్చాలి, అంటే ఇంజను విప్పక తప్పదు. వెల్డింగు చేయడం, సందులో రేకుముక్కలు పెట్టడం వద్దు, ప్రాణాలతో పని. నట్టు బాగా బిగించాక పిన్ను రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించాలే గానీ వెనక్కి తిప్పకూడదు. స్ప్లిట్ పిన్ను కొత్తదే వేయాలి. 100 కిలోమీటర్లు తిరిగాక పిన్ను తీసి, బిగువు చూసి, మళ్ళీ కొత్త పిన్ను వేయండి.