మిఠాయి సరుకుతో రసాయన ప్రదర్శనలు: ముందు జరగనిది చూపించండి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు ఇళ్లలో చాలామంది పిల్లలు సైన్సును బడిలో ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుకుంటారు. ఆ పాఠం గురించి ఇంట్లో పెద్దవాళ్లతో తెలుగులో మాట్లాడుకోవాలంటే కళ్లెదుట ఏదో ఒకటి జరగాలి. అందుకు కిరాణా కొట్టులో దొరికే పటికబెల్లం, పంచదార బిళ్లలు, వంట సోడా సరిపోతాయి. అయితే ఏ ప్రదర్శనలోనైనా జరగనిదాన్ని ముందు చూపించి, తర్వాత ఏమవుతుందో పిల్లల చేతనే చెప్పించి, ఆపైన మాత్రమే జరిగేదాన్ని చూపించాలని నా గట్టి అభిప్రాయం. అలా చేయకపోతే పిల్లలకు మిగిలేది తమాషా మాత్రమే.

అన్నిటికంటే తేలికైనది పటికబెల్లంతో చేసేది. కిటికీలు మూసి, వెలుతురు చొరని గదిలో పది, పదిహేను నిమిషాలు కూర్చుంటే కళ్లు చీకటికి అలవాటు పడతాయి. ముందుగా మెత్తటి బెల్లం ముక్కను కటింగ్ ప్లేయరుతో నొక్కండి, ఏమీ కనిపించదు. తర్వాత పొడిగా ఉన్న పెద్ద పటికబెల్లం పలుకును పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి, అదే ప్లేయరుతో ఒక్కసారిగా చితక్కొట్టండి. పలుకు విరిగిన క్షణంలో నీలి మెరుపు సన్నగా కనిపించి మాయమవుతుంది. స్ఫటికం చీలినప్పుడు రెండు ముఖాల మీద వ్యతిరేక విద్యుదావేశాలు ఏర్పడి, మధ్యలో ఉన్న గాలిలోని నత్రజనిని ఉత్తేజపరచడమే దీనికి కారణం. ఆ వెలుగులో ఎక్కువ భాగం కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి కావడం వల్లే మెరుపు అంత సన్నగా ఉంటుంది. ఇంగ్లాండుకు చెందిన తత్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ గట్టి పంచదారను చీకట్లో పగలగొట్టినా గీకినా మెరుస్తుందని 1620లోనే రాశాడు. గోపాల్‌పూర్ వైపు సముద్రపు గాలికి పటికబెల్లం చెమ్మగిల్లుతుంది కనుక దాన్ని గాలి చొరని డబ్బాలో దాచి, పొడి వాతావరణం ఉన్న శీతాకాలపు రాత్రి చేయడం మంచిది.

రెండవది నిప్పుతో పని. కాబట్టి పెద్దవాళ్లే చేయాలి, ఆరుబయట చేయాలి, పక్కన బకెట్టు నీళ్లు ఉండాలి, నైలాను బట్టలు వేసుకోకూడదు. పంచదార బిళ్ల ఒకటి పట్టకారుతో పట్టుకుని, కింద స్టీలు పళ్లెం ఉంచి, బిళ్ల మూలను కొవ్వొత్తి మంటలో పెట్టండి. అది కరుగుతుంది, గోధుమరంగుకు తిరుగుతుంది, చుక్కలుగా కారుతుంది, కానీ మంట తీసేయగానే ఆరిపోతుంది. తర్వాత పొయ్యిలోని చల్లారిన బూడిదను పళ్లెంలో వేసి, అదీ మండదని వేరుగా చూపించండి. రెండూ మండనివేనని పిల్లలు ఒప్పుకున్నాక, కొత్త బిళ్ల మూలకు ఆ బూడిదను బాగా రుద్ది మళ్లీ మంటలో పెట్టండి. ఈసారి మూల అంటుకుంటుంది. కొవ్వొత్తిని పక్కకు తీసినా చిటపటమంటూ చిన్న మంట నిలబడుతుంది, కింద నల్లటి బొగ్గు నురగ కడుతుంది. కట్టె బూడిదే వాడాలి. కొట్టులో కొన్న విభూతి నిజమైన బూడిద కాకపోవచ్చు, అప్పుడు ప్రదర్శన పండదు.

ఇక్కడ కాస్త ఆగి మాట్లాడాలి. 19వ శతాబ్దంలోనే మిల్లు నడిచిన గంజాం జిల్లా అస్కాలో తయారైనదైనా, మరెక్కడిదైనా, తెల్ల పంచదార సుక్రోజే. ఒక్కొక్క అణువులో 12 కార్బన్, 22 హైడ్రోజన్, 11 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. అది పూర్తిగా మండితే కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి మిగిలి, గ్రాముకు సుమారు 4 కిలోకేలరీల శక్తి వెలువడుతుంది. మనం తిన్న లడ్డులోని పంచదార నుంచి శరీరం నెమ్మదిగా పొందేదీ దాదాపు ఆ శక్తినే. శక్తి మొదటి బిళ్లలోనూ ఉంది, కానీ మంట నిలబడే దారి లేదు. ఆ దారిని సులువు చేసింది బూడిద. బడిపుస్తకంలో ఉత్ప్రేరకం అని చదివి వదిలేసినదాన్ని పిల్లలు ఇక్కడ తమ కళ్లతో చూస్తారు.

పంచదారలోని శక్తిని ఇంకా జోరుగా చూపించాలన్న ఉత్సాహంతో జెల్లీ మిఠాయిని కరిగిన పొటాషియం క్లోరేటులో వేయడం, పంచదార మీద గాఢ సల్ఫ్యూరికామ్లం పోయడం వంటివి ఇంట్లో ఎంతమాత్రం చేయకండి. రెంటిలోనూ కళ్లు పోయే ప్రమాదం ఉంది.

మూడవది నురగ మిఠాయి, దీన్ని తినవచ్చు కూడా. ముందు గ్లాసెడు చల్లటి పంచదార నీళ్లలో చిటికెడు వంట సోడా వేసి చూపించండి. కరిగిపోతుందే తప్ప పొంగు రాదు. తర్వాత అడుగు మందంగా, లోతుగా ఉన్న గిన్నెలో 200 గ్రాముల పంచదార, 60 మిల్లీలీటర్ల నీళ్లు, రెండు పెద్ద చెంచాల తేనె వేసి మధ్యస్థపు సెగ మీద ఉంచండి. పంచదార కరిగాక గరిటె పెట్టకూడదు, లేకపోతే పాకం గడ్డకట్టి పలుకులు తేలుతుంది. తీగపాకం, ఉండపాకం దాటి పాకం లేత తేనె రంగుకు వచ్చాక, ఒక చుక్కను చల్లటి నీళ్లలో వేసి తీయండి. విరిస్తే టక్కుమని విరగాలి. అప్పటికి పాకం 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. వెంటనే పొయ్యి ఆపి, ఉండలు లేకుండా జల్లించిన ఒక చిన్న చెంచా వంట సోడా చల్లి, నాలుగైదు సెకన్లు మాత్రమే తిప్పి, నెయ్యి రాసిన పళ్లెంలోకి వంచేయండి. ఆ వేడికి సోడా విడిపోయి కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి పుడతాయి. చల్లారుతూ చిక్కబడే పాకం ఆ బుడగలను తనలోనే బంధిస్తుంది. పళ్లేన్ని అరగంట కదిలించకుండా ఉంచి విరిస్తే, లోపల తేనెపట్టులా గదులు గదులుగా కనిపిస్తుంది. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది. పాకం చర్మానికి అంటుకుంటే వదలదు కనుక పిల్లలను రెండు అడుగుల దూరంలో నిలబెట్టండి, పొరపాటున పడితే ఇరవై నిమిషాల పాటు పారే నీళ్ల కింద ఉంచండి.

తిరునాళ్లలో జీళ్లవాడు బెల్లం పాకాన్ని కొయ్యకు తగిలించి లాగుతూ మడుస్తూ ఉంటే ముదురు రంగు లేతబడడం మీరు చూసే ఉంటారు. అక్కడ సోడా లేదు, లాగినప్పుడల్లా లోపలికి చేరే గాలి బుడగలు వెలుతురును చెదరగొడతాయి. నురగ మిఠాయి చేసిన రోజున ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే, బుడగ ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న పిల్లలే అడుగుతారు.

మెంటోస్, కోలా ప్రదర్శన అందరికీ తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాను. కొత్తగా మూత తీసిన డైట్ కోలా సీసాలో ముందు నున్నటి గాజు గోళీ వేయండి. కొద్దిపాటి బుడగలే వస్తాయి. తర్వాత మరో సీసాలో నాలుగైదు మెంటోస్ బిళ్లలు ఒకేసారి వేసి వెనక్కి తప్పుకోండి. బిళ్ల పైపూతలోని సూక్ష్మమైన గుంటల దగ్గర, కోలాలో కరిగి ఉన్న వాయువు ఒక్కసారిగా బుడగలు కట్టి బయటికి తన్నుకొస్తుంది. ఇందులో కొత్త పదార్థమేదీ పుట్టదు కాబట్టి ఇది భౌతిక మార్పేనని పిల్లలకు స్పష్టంగా చెప్పండి. పంచదార ఉన్న కోలా నేలను జిగురు చేసి చీమలను పిలుస్తుంది, అందుకే డైట్ సీసా తెచ్చుకోమన్నాను.