గోడను చూసి క్రిస్మస్ రంగు ఎంచుకోండి

బజారుకు వెళ్లే ముందు ఒక రాత్రి హాల్లో లైటు వేసి, వీధి గుమ్మం దగ్గర నిలబడి మీ గోడను చూడండి. పగలు కాదు, రాత్రే చూడాలి. క్రిస్మస్ అలంకరణ చీకటి పడ్డాక కళకట్టేది. మా బ్రాడీపేటలో క్యారల్స్ పాడే బృందం మా గుమ్మంలోకి వచ్చేసరికి ఒక్కోసారి అర్ధరాత్రి దాటుతుంది. వాళ్ల కళ్లకు ఇల్లు ఎలా కనిపిస్తుందో ఆ చోట నిలబడి చూసుకోవాలి.

గుంటూరులో 31 ఏళ్లు పిల్లలకు డ్రాయింగు నేర్పాను. డిసెంబరు వస్తే మా వీధిలో కొత్తగా కాపురం పెట్టినవాళ్లు కూడా అడుగుతారు, "మాస్టారూ, ఈసారి ఏ రంగు పెట్టమంటారు?" అని. మీ హాలు గోడ ఏ రంగు అని నేను తిరిగి అడుగుతాను. రోజూ చూసే గోడే, అయినా చాలామంది ఆగి ఆలోచించి చెబుతారు. గోడ, నేల, కర్టెన్లు, సోఫా గుడ్డ: ఈ నాలుగూ పండగ కోసం మారవు. కాబట్టి మీ అలంకరణలో మొదటి రంగు ఇంట్లో ముందే ఉంది. మీరు కొనేది దానికి తోడుగా రావలసిన రంగును.

మా గోడ లేత ఆకుపచ్చ. పదేళ్ల పాటు ఆ గోడ మీద మెరిసే ఎర్ర కాగితపు తోరణాలు కట్టాం. ఎరుపు, ఆకుపచ్చ రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉంటాయి. పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. చెట్టు మీద నాలుగు ఎర్ర బంతులుంటే ఆ రెచ్చగొట్టడమే అందం. గోడంతా పచ్చగా ఉండి, దాని మీద గది నిండా ఎరుపు ఉంటే కళ్లు అలసిపోతాయి. బడిలో పిల్లలకు ఈ పాఠం చెబుతూనే ఇంట్లో పదేళ్లు ఆ పొరపాటు చేశాను. ఇప్పుడు ఆ గోడ ముందు తెలుపు, బంగారు రంగు పెడతాం. ఎరుపు ఒక్క చోటే, గుమ్మానికి ఎదురుగా.

ఆ ఎరుపు కూడా ఏ ఎరుపో చూసుకోవాలి. గుంటూరు వాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. చేలో పండు మిరపకాయ ఎరుపు వేరు, మిర్చి యార్డులో టిక్కీ, అంటే మిరప బస్తా, విప్పితే కనిపించే ఎండు మిరప ఎరుపు వేరు. మొదటిది పిలుస్తుంది, రెండోది నిలుస్తుంది. బజారులో దొరికే ప్లాస్టిక్ బంతుల్లో ఎక్కువ భాగం పండు మిరప ఎరుపే. ముదురు ఎరుపు, మెరుపు తక్కువగా ఉన్నవి అడిగి తీసుకోండి. ఇంటికి నిండుతనం వస్తుంది.

మీగడ రంగు గోడలకు తెల్లటి అలంకరణ వద్దు, గోడలో కలిసిపోతుంది. ముదురు ఆకుపచ్చ, రాగి రంగు అక్కడ బాగా నిలుస్తాయి. లేత నీలం గోడకు వెండి, తెలుపు సహజంగా కుదురుతాయి కానీ ఇల్లు చల్లగా కనిపిస్తుంది. ఒక పిడికెడు బంగారు రంగు కలిపితే వెచ్చబడుతుంది. గులాబీ గోడ ముందు ఎరుపు పెట్టకండి. ఊదా, వెండి పెట్టండి.

మూడు రంగులకు మించి వద్దు. ఆ మూడూ సమంగా ఉండకూడదు. పదింటిలో ఆరు ఒక రంగు, మూడు రెండో రంగు, ఒకటి మూడో రంగు. నాలుగడుగుల చెట్టుకు 40 బంతులు కొంటే 24 బంగారు రంగువి, 12 తెల్లవి, 4 ఎర్రవి. ఆ నాలుగు ఎర్ర బంతులనూ ఒకే వైపు గుంపుగా కట్టకుండా చెట్టు చుట్టూ చెదరగొట్టండి, చూపు ఒకదాని నుంచి ఇంకోదానికి నడుస్తుంది. పెద్ద బంతులు కాండానికి దగ్గరగా, కొమ్మల లోపల. చిన్నవి కొసలకు.

ఏ రంగులో తేల్చుకోలేకపోతే గుడి (మేము చర్చిని అలాగే అంటాం) వైపు చూడండి. 1842లో ఫాదర్ హయ్యర్ అనే మిషనరీ అమెరికా నుంచి గుంటూరు వచ్చినప్పటి నుంచి ఈ ఊళ్లో లూథరన్ సంఘం, అంటే మా ప్రొటెస్టెంటు శాఖ, ఉంది. మా తాతల నాటి నుంచి మేము బలిపీఠం మీద వస్త్రం రంగు చూసి కాలాన్ని గుర్తుపట్టేవాళ్లం. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలానికి ఊదా, కొన్ని గుళ్లలో నీలం. క్రిస్మస్‌కు తెలుపు, బంగారు రంగు. ఇంట్లోనూ అదే వరుస పెట్టుకోవచ్చు. డిసెంబరు మొదట్లో బల్ల మీద ఊదా గుడ్డ పరిచి నాలుగు కొవ్వొత్తులు, ఆదివారానికి ఒకటి చొప్పున. 24 సాయంత్రం ఆ గుడ్డ తీసి తెల్లది పరచండి. పెద్ద ఖర్చేమీ లేదు, ఇంట్లో పిల్లలకు మాత్రం ఆ మార్పు బాగా గుర్తుంటుంది.

ఆగమన కాలంలో ఇలా కొవ్వొత్తులను చక్రం మీద పెట్టే పద్ధతి పుట్టిందే పిల్లల కోసం. 1839లో హాంబర్గ్ దగ్గర దిక్కులేని పిల్లలను సాకుతున్న విషెర్న్ అనే లూథరన్ పాదిరిని, క్రిస్మస్ ఇంకా ఎన్నాళ్లకు వస్తుందని ఆ పిల్లలు రోజూ అడిగేవారట. ఆయన ఒక పాత బండిచక్రం తెచ్చి, మామూలు రోజులకు చిన్న ఎర్ర కొవ్వొత్తులు, ఆదివారాలకు పెద్ద తెల్ల కొవ్వొత్తులు దాని మీద నిలబెట్టాడు. ఎరుపు, తెలుపు ఇష్టమైనవాళ్లకు ఇంతకంటే మంచి ఆధారం లేదు.

నాకు మాత్రం మత్తయి సువార్తలో జ్ఞానులు బాలయేసుకు తెచ్చిన కానుకలు ఇష్టం: బంగారం, సాంబ్రాణి, బోళం అనే చెట్టు జిగురు. సాంబ్రాణి ముక్కను చేతిలో పట్టుకుని చూడండి, పాలలో కాస్త పసుపు కలిపినట్టుంటుంది. బోళం ఎర్ర ఛాయ ఉన్న గోధుమ రంగు. ఈ మూడింటినీ ఆరు, మూడు, ఒకటి లెక్కలో పెట్టి చూశాను. సాంబ్రాణి రంగు ఎక్కువ, బంగారం మధ్యస్థం, బోళం కొద్దిగా. మొజాయిక్ నేల, టేకు తలుపులు ఉన్న పాత ఇళ్లకు ఇంత చక్కగా అమరేది నేను ఇంకోటి చూడలేదు.

దీపాల విషయంలో ఎక్కువమంది దెబ్బతింటారు. సీరియల్ సెట్ కొనేటప్పుడు డబ్బా మీద వార్మ్ వైట్ అని ఉందో, కూల్ వైట్ అని ఉందో చూడండి. మొదటిది సుమారు 3000 కెల్విన్ (వెలుగు ఛాయను కొలిచే లెక్క), నూనె దీపంలా పసుపు ఛాయ. రెండోది 6000 పైన, ట్యూబులైటులా నీలి ఛాయ. ఆ నీలి వెలుగులో బంగారు రంగు పాలిపోతుంది, ఎరుపు నల్లబడుతుంది. వెండి, నీలం పెట్టేవాళ్లకే అది పనికొస్తుంది. రంగురంగుల సెట్ వేస్తే మీరు శ్రమపడి ఎంచుకున్న మూడు రంగులూ క్షణక్షణం మారిపోతుంటాయి, కాబట్టి ఇంటి లోపల ఒకే రంగు దీపాలు చాలు. వెలిగి ఆరే మీటను కదలకుండా వెలిగే చోట పెట్టండి. దీపాల తీగను ముందు చుట్టి, ఆ తరువాతే బంతులు కట్టాలి. ఒకే ప్లగ్గులో నాలుగు సెట్లు గుచ్చకండి. కర్టెను దగ్గర ఏ తీగా వద్దు.

చెట్టు కోసం ఖరీదైన ప్లాస్టిక్‌దే కావాలని లేదు. మా చిన్నప్పుడు బాపట్ల వైపు నుంచి వచ్చిన సరుగుడు కొమ్మే మా క్రిస్మస్ చెట్టు. దాని ఆకులు సన్నగా జారుతూ ఉంటాయి, ఆకుపచ్చలో బూడిద ఛాయ ఉంటుంది. దాని మీద తెలుపు, ముదురు ఎరుపు ఎంతో నెమ్మదిగా కనిపిస్తాయి. తడి ఇసుక నింపిన బకెట్లో గుచ్చి, రోజూ నీళ్లు పోస్తే మా ఇంట్లో వారం పది రోజులు నిలుస్తుంది. అందుకే 20వ తేదీకి ముందు తేను. కొమ్మలు బరువు మోయలేవు, కాగితపు నక్షత్రాలు, దూది పింజలు, తేలికైన చిన్న బంతులు మాత్రమే కట్టండి.

దూది అన్నాను కనుక ఒక మాట. ఈ నెలల్లోనే మన జిల్లాలో పత్తి తీస్తారు. విచ్చిన పత్తికాయలను కాడతో సహా నాలుగు తెచ్చుకుంటే అంత అందమైన తెలుపు బజారులో దొరకదు. యేసు పుట్టిన పశువుల పాకను బొమ్మలతో పెట్టి దాని మీద దూది పరిచేవాళ్లు మాత్రం దాని దగ్గర కొవ్వొత్తి వెలిగించకండి, క్షణంలో అంటుకుంటుంది. కథోలికుల ఇళ్లలో చాలామంది బాలయేసు బొమ్మను 24 రాత్రి వరకు తొట్టిలో పెట్టరు. ఆ పద్ధతి నాకు చాలా నచ్చి మేమూ పాటిస్తున్నాం. మా మనుమరాలే ఆ బొమ్మను పెడుతుంది.

ఇక నక్షత్రం. ఇంటి బయట వేలాడేది అదే కనుక అన్నింటికంటే ముందు దాని రంగు నిర్ణయించాలి. ఎర్ర కాగితం వెలుగును చాలా వరకు మింగేస్తుంది. తెల్లటి లేదా లేత పసుపు గాలిపటం కాగితం వెలుగును బయటికి పంపుతుంది. రెండడుగుల వెదురు బద్దలు పది తీసుకోండి. అయిదింటితో ఒక నక్షత్రం, మిగిలిన అయిదింటితో ఇంకొకటి కట్టండి. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి అయిదు కొసల దగ్గర దారంతో బిగించండి. లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే అయిదు చోట్లా జానెడు పుల్లలు అడ్డంగా నిలిపితే నక్షత్రం పొట్ట ఉబ్బుతుంది. కాగితం అంటించడానికి ఉడికించిన మైదా జిగురు చాలు. ఒక కొస దగ్గర తెరిచి ఉంచి ఎల్ఈడీ బల్బు దించండి. పాత ఫిలమెంటు బల్బు వేడికి కాగితం మాడుతుంది. వరండా కప్పు కిందే కట్టండి, డిసెంబరు మంచుకు తడిస్తే కాగితం జారిపోతుంది.

మా అమ్మ ఒక నవంబరులో చనిపోయింది. ఆ ఏడాది చెట్టు పెట్టడానికి మనసు రాలేదు. నక్షత్రం లేని ఇల్లు అమ్మకు నచ్చేది కాదు కనుక, తెల్ల కాగితంతో ఒక్క నక్షత్రం చేసి వరండాలో కట్టాను. క్యారల్స్ బృందం మామూలుగానే వచ్చి దాని కింద నిలబడి పాడింది. ఆ ఒక్క తెల్లటి వెలుగు వాళ్లందరి ముఖాల మీద పడింది. మా ఇంటికి అంత చక్కగా అమరిన అలంకరణ అంతకు ముందు లేదు. ఆ మరుసటి ఏడాది నుంచి ముందు నక్షత్రం కట్టి, ఒక రాత్రి దాన్ని చూసి, ఆ తరువాతే ఇంకేం కావాలో ఆలోచిస్తాను.

పువ్వులు ఆఖరి రోజుకు. పసుపు చామంతి డిసెంబరులో మనకు దొరికే బంగారు రంగు. మామిడాకుల తోరణం మధ్య గుత్తులుగా గుచ్చి 24 ఉదయం కట్టండి. ముందే కడితే పండగ నాటికి వాడిపోతాయి. ధనుర్మాసం కనుక మా వీధి పొడవునా ముగ్గులే. మా ఆవిడ కూడా గుమ్మం ముందు నక్షత్రం ముగ్గు వేస్తుంది, లోపల ఏ రంగులు ఉంటే ఆ రంగులే నింపుతుంది. ఎదురింటి అమ్మాయి చుక్కలు పెట్టడంలో సాయపడుతుంది.

కొనడానికి పట్నంబజారు, లేదంటే విజయవాడ బీసెంట్ రోడ్డు. కర్టెను గుడ్డ ముక్క ఒకటి జేబులో పెట్టుకుని వెళ్లండి. బంతిని దాని పక్కన పెట్టి, దుకాణం లోపలి లైటులో కాక బయట వెలుగులోకి తెచ్చి చూడండి.

జనవరి 6న విప్పేటప్పుడు బంతులను పాత న్యూస్‌పేపరులో చుట్టండి. దీపాల తీగను అట్టముక్క చుట్టూ చుట్టితే చిక్కుపడదు. డబ్బా మూత మీద లెక్క రాయండి: బంగారువి 24, తెల్లవి 12, ఎర్రవి 4, పచ్చ గోడకు. ఏడాదిలో గోడకు కొత్త రంగు వేయిస్తే ఆ చివరి మాట కొట్టివేసి, కొత్త రంగు పేరు రాసుకోండి.