ఆరడుగులు దాటినవాళ్ళకి ఎమ్‌జీబీలో చోటు

పొడుగువాళ్ళకి ఎమ్‌జీ కంపెనీ చిన్న స్పోర్ట్స్ కారు మిడ్జెట్ కన్నా, అదే కంపెనీ టాపు మడిచే రెండు సీట్ల కారు ఎమ్‌జీబీ (1962–80) నయం. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 91 అంగుళాలు, మిడ్జెట్‌ది 80. ఆ కోత ఎంతో మోకాళ్ళకి తెలుస్తుంది.

పానా పట్టకముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి, టాపు దించి కూర్చోండి. మోకాళ్ళు స్టీరింగ్‌కి తగిలితే మీకు కాళ్ళు పొడుగు. ముందు అద్దం పైఫ్రేము కళ్ళకి అడ్డొస్తే నడుము పైభాగం పొడుగు. రెండింటికీ మందు వేరు.

నడుము పొడుగైతే ముందు ఫోమ్ చూడండి. సీట్లు కొత్తగా కుట్టించాక తల టాపుకి తగలడం మామూలే. పాత ఫోమ్ అణిగిపోయి ఉండేది, కొత్తది గట్టిగా, మందంగా నిలబడుతుంది. కవరు విప్పి, పళ్ళున్న బ్రెడ్డు కత్తితో అడుగువైపు నుంచి కోయండి. పైవైపు కోస్తే కూర్చునే గుంట ఆకారం పోతుంది. ఒక్కోసారి 10 మి.మీ. మించొద్దు, కోసిన ప్రతిసారీ కూర్చుని చూసుకోవాలి. తుంటి దిగేకొద్దీ మోకాళ్ళు పైకి లేస్తాయి మరి.

అదీ చాలకపోతే రన్నర్ల (సీటు జారే పట్టాల) కింది చెక్కపట్టీలు పలచన చేయొచ్చు. అప్పుడు పాత బోల్టులు పొడుగవుతాయి, పొట్టివి కావాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఈ కారుకి యూఎన్‌ఎఫ్ మరలు, అంటే అంగుళాల కొలతలో ఉండే సన్నమరలు. 5/16 అంగుళం అంటే 7.94 మి.మీ., కాబట్టి ఎమ్8 (8 మి.మీ. మెట్రిక్) బోల్టు ఒకటి రెండు చుట్లు హాయిగా ఎక్కుతుంది, తర్వాత బిగుసుకుంటుంది. మర అంతరం వేరు. బలవంతం చేస్తే ఫ్లోరుకి అతికించిన నట్టు పాడవుతుంది, దాన్ని మార్చడం వెల్డింగు పని. చేత్తో చివరిదాకా తిరగని బోల్టుకి స్పానర్ పెట్టకండి. బిగించాక సీటు ముందుకీ వెనక్కీ జారుతోందా చూడండి. పట్టేస్తే రన్నరు వంగినట్టే, వాషర్లతో ఎత్తు సరిచేయాలి.

కాళ్ళు పొడుగైతే చిన్న స్టీరింగ్. 14 అంగుళాలది బాగుంటుంది, కానీ ఎక్కువ ఆశించొద్దు: వ్యాసం రెండంగుళాలు తగ్గితే తొడపైన దొరికేది ఒక్క అంగుళమే. పార్కింగులో బరువుగా తిరుగుతుంది, మీటర్లు కొంత కనబడకపోవచ్చు. బాస్ (స్టీరింగ్ చక్రాన్ని కాలమ్‌కి, అంటే దాని కడ్డీకి, కలిపే ముక్క) మీ కాలమ్ పళ్ళకి సరిపోయేదే కొనండి. కాలమ్ బోల్టులు వదులుచేసి పైకెత్తే ఆలోచన మాత్రం వద్దు. ర్యాక్ (ముందు చక్రాలని తిప్పే పళ్ళ కడ్డీ) దగ్గర కాలమ్‌ని కలిపే యూనివర్సల్ జాయింట్ వరస తప్పి త్వరగా అరుగుతుంది.

రోల్‌బార్ (కారు బోల్తాపడితే తలని కాపాడే, సీట్ల వెనకుండే కడ్డీ) వేసే ఉద్దేశముంటే ముందే సీటు పక్కన పెట్టి చూడండి, సీటు వెనక్కి వాలే చోటు అదే తినేస్తుంది. వేశాక బార్ పైనుంచి అద్దం ఫ్రేము మీదికి ఒక తిన్నని కర్ర ఆనించండి. తల దానికి రెండంగుళాలు కిందుండాలి.

బ్రేకు తొక్కితే యాక్సిలరేటరూ కలిసి దిగుతోందంటే తప్పు బూటుది. అంచులు పాదం దాటి రాని, పలచటి అడుగున్నవి వేసుకోండి.