బెంగళూరు ఇంట్లో పెంపుడు తేలు కుబుసం విడిచే వేళ

కుబుసం విడుస్తూ తేలు చనిపోతే ఆ రాత్రే ఏదో పొరపాటు జరిగిందనుకుంటారు. చాలాసార్లు పొరపాటు అంతకు మూడు నాలుగు వారాల ముందే, పెట్టె అడుగున మట్టి ఎండినప్పుడే మొదలై ఉంటుంది. తేలు ఒంట్లోని ద్రవంతో ఒత్తిడి పెంచి పాత తొడుగును పగలగొడుతుంది. ఆ నీరు చాలకపోతే కాళ్లో డెక్కలో సగంలోనే ఇరుక్కుపోతాయి.

ఇక్కడ చెప్పేదంతా మండ్రగబ్బ, ఆఫ్రికా నుంచి వచ్చే ఎంపరర్ అనే పెద్ద నల్ల తేలు వంటి తేమ అడవుల తేళ్ల గురించి. ఎడారి జాతులకు ఇంత తడి పనికిరాదు. ఎర్రతేలునైతే ఇంట్లో పెంచనే వద్దు. దాని విషం గుండెనూ ఊపిరితిత్తులనూ దెబ్బతీస్తుంది, కుడితే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. వన్యజీవుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో ఎంపరర్ ఉంది కాబట్టి 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

బెంగళూరులో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మధ్యాహ్నం గాలి బాగా పొడిగా ఉంటుంది. పైన సీలింగ్ ఫ్యాన్ కూడా తిరుగుతుంటే రెండు మూడు రోజుల్లోనే పైమట్టి పొడిపొడిగా అయిపోతుంది. రోజూ స్ప్రే కొడితే గాజు తడుస్తుందే తప్ప, తేలు పడుకునే బొరియ తడవదు. నర్సరీలో దొరికే ఎరువు కలపని కోకోపీట్ ఇటుక తెచ్చి నానబెట్టండి. ఉప్పు పోయేలా రెండు మూడు నీళ్లు మార్చి గట్టిగా పిండండి. గుప్పెట్లో నొక్కితే ముద్దకట్టాలి, చుక్క కారకూడదు. దాన్ని 10 నుంచి 15 సెంటీమీటర్ల మందాన అదిమి పరచండి. ఆ తర్వాత నీళ్లు ఎప్పుడూ ఒక మూలనుంచే, అడుగుకు దిగేలా మెల్లగా పోయండి. అడుగు తడిగా, పైన ఆరినట్టు ఉంటే బూజు పట్టదు, ఎంత తేమ కావాలో తేలే వెతుక్కుంటుంది. తేమ మీటరు ప్రోబ్‌ను మూతకు కాదు, బొరియ దగ్గర పెట్టండి. అక్కడ 75 నుంచి 85 శాతం చూపాలి. మూత పూర్తిగా మూసేసి ఈ అంకె తెచ్చుకోవద్దు. గాలి ఆడని చోట బూజు, పురుగు రెండూ వస్తాయి. పక్కల చిన్న రంధ్రాలు ఉంచాలి. దాక్కోవడానికి కుండ పెంకు చాలు. బరువైన రాయి పెడితే బొరియ కూలి మెత్తటి ఒళ్లు నలిగిపోతుంది.

వేడి 25 నుంచి 30 డిగ్రీలు ఉండాలి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో హీట్ మ్యాట్ వేస్తే పెట్టె కింద కాదు, పక్క గోడకు థర్మోస్టాట్‌తో పెట్టండి. చలికి మట్టిలోకి దిగే తేలు కింద వేడి తగిలితే ఎండిపోతుంది.

తిండి మానేయడం, బొరియ వదలకపోవడం, రంగు వెలవెలబోవడం, పొట్ట ఉబ్బి పలకల మధ్య పక్కపొర సాగి కనిపించడం కుబుసం దగ్గరపడిన గుర్తులు. పూర్తిగా ఎదిగిన తేలు మళ్లీ కుబుసం విడవదు. అది తినకపోతే చలి, దాహం, ఆడదైతే కడుపుతో ఉండటం వంటి కారణాలు వెతకండి.

గుర్తులు కనబడగానే పెట్టెలోని కీచురాళ్లు, మీల్‌వార్మ్‌లు అన్నీ ఏరేయండి. మెత్తటి తేలును అవే కొరికి చంపగలవు. లోతులేని మూతలో నీళ్లు మాత్రం ఉంచండి. గదిలో దోమల లిక్విడ్, కాయిల్ ఆపేయండి. అపార్ట్‌మెంట్‌లో పెస్ట్ కంట్రోల్ వస్తుందంటే పెట్టెను వేరే ఇంటికి మార్చాలి. బొద్దింకను చంపే మందు తేలునూ వదలదు.

నోటి దగ్గర తొడుగు చీలి తేలు ముందుకు జారుతూ బయటికి వస్తుంది. ఇందుకు చాలా గంటలు పట్టవచ్చు. పెట్టె కదపకండి, పెంకు ఎత్తకండి. కాలు ఇరుక్కుంటే లాగవద్దు, కొత్త చర్మం చిరిగి ఒంట్లో ద్రవం కారిపోతుంది. గోరువెచ్చటి నీళ్లు ఆ మూల మట్టిలో పోసి తేమ పెంచి వదిలేయడమే చేయగలిగింది. కాలి కొస పోయినా, పిల్ల తేలుకు తర్వాతి కుబుసాల్లో కొంత తిరిగి రావచ్చు.

బయటపడ్డాక గట్టిపడిందో లేదో తెలుసుకోవడానికి అతినీల కాంతి టార్చి పనికొస్తుంది. ఖాళీ కుబుసం ఆకుపచ్చగా మెరుస్తుంది గానీ, కొత్త ఒళ్లు దాదాపు మెరవదు. పైతొడుగు గట్టిపడే కొద్దీ ఆ మెరుపు వస్తుంది. ఒక్క రెండు సెకన్లు వేసి ఆపేయండి, ఎక్కువసేపు వేస్తే తేలు కంగారుపడుతుంది. మెరుపు నిండి, నోటి దగ్గరి చిన్న కోరలు నల్లబడేదాకా, అంటే కనీసం వారం పాటు, తిండి పెట్టవద్దు. మొదటిసారి తల నలిపిన చిన్న పురుగొకటి వేసి, 24 గంటల్లో తినకపోతే తీసేయండి. ఖాళీ తొడుగును మెత్తటి కొసలున్న పొడవాటి పట్టకారుతో తీయాలి, అప్పుడు కూడా తేలు బొరియలో ఉందని చూసుకున్నాకే.