చెమట పట్టని ఒంటికి ఎండాకాలం

చలికాలం వస్తోందంటే, చర్మం పొడిబారి పొలుసులు కట్టే ఇక్తియోసిస్ ఉన్నవాళ్లం ముందే క్రీములు తెచ్చి పెట్టుకుంటాం. ఎండాకాలం అనేసరికి మాత్రం చర్మం కాస్త మెత్తబడుతుందిలే అని ఊరుకుంటాం. నన్నడిగితే ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇప్పుడే.

కారణం చెమట. ఇక్తియోసిస్ ఎక్కువగా జన్యు లోపంతో వచ్చేది, అంటుకునేది కాదు. లామెల్లర్ లాంటి తీవ్రమైన రకాల్లో చెమట గ్రంథులు ఉన్నా, మందంగా పేరుకున్న పొలుసులు వాటి దారి మూసేస్తాయి. చెమట బయటికి రాకపోతే ఒళ్లు సరిగ్గా చల్లబడదు. చిన్నప్పుడు ఆటల పీరియడ్‌లో అందరి చొక్కాలూ తడిసి ఒంటికి అతుక్కుపోయేవి. నాది పొడిగానే ఉండేది. ముఖం కందిపోయి, చెవులు కాలిపోతూ, కళ్లు తిరిగేవి. "చెమటైనా పట్టలేదు, అప్పుడే అలసిపోయావా?" అనేవారు మాస్టారు. చెమట పట్టకపోవడమే ప్రమాదమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అందుకే పిల్లల టీచరుకు, ఆటల మాస్టారుకు ముందే కాగితం మీద రాసివ్వండి.

స్ప్రే సీసాలో మామూలు నీళ్లు ఎప్పుడూ దగ్గరుండాలి. ముఖం, మెడ, చేతుల మీద చల్లి గాలి తగలనిస్తే, చెమట చేయాల్సిన పని ఆ నీళ్లు చేస్తాయి. చొక్కా తడిపి వేసుకున్నా మంచిదే. నీళ్లు తాగడం అవసరమే కానీ, పైన తడి లేకుండా తాగిన నీళ్లతోనే సరిపోతుందనుకోవద్దు.

చిక్కటి ఆయింట్‌మెంట్ రాత్రికి ఉంచుకుని, పగలు పల్చటి లోషన్ వాడితే ఉక్క తగ్గుతుంది. స్నానమయ్యాక తువ్వాలుతో అద్దుకుని, తడి ఆరకముందే రాయాలి. పసిపిల్లలకు సాలిసిలిక్ ఆమ్లం ఉన్న క్రీములు డాక్టరు చెప్పకుండా అస్సలు రాయొద్దు, ఈ చర్మం గుండా మందు రక్తంలోకి ఎక్కువగా పోతుంది. పారఫిన్ ఉన్న క్రీములు అంటిన బట్టలకు నిప్పు త్వరగా అంటుకుంటుంది, వాటితో పొయ్యి దగ్గరికి వెళ్లకండి.

ముఖం ఎర్రబడి, తలనొప్పి, వికారం, ఊరికే చిరాకు మొదలైతే వెంటనే నీడకు తెచ్చి, ఒళ్లు తడిపి ఫ్యాను పెట్టండి. వేడికి పెరిగిన ఉష్ణోగ్రత జ్వరం మాత్రతో దిగదు. మాట తడబడినా, మగతగా ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి. దారి పొడవునా ఒళ్లు తడుపుతూనే ఉండండి.