పాత ప్రియస్ సి: లక్షణం చూసి కారణం పట్టుకోండి

అమెరికాలో చదువు అయిపోయి, ఓపీటీలో (చదువయ్యాక కొంతకాలం పనిచేసుకోవడానికి స్టూడెంట్ వీసా వాళ్లకిచ్చే అనుమతి) ఉద్యోగం దొరకగానే మనవాళ్లు మొదటి కారు వెతకడం మొదలుపెడతారు. చిన్నది కావాలి, పెట్రోలు తక్కువ తాగాలి, ధర అందుబాటులో ఉండాలి అనుకునేసరికి టొయోటా ప్రియస్ సి కనిపిస్తుంది. ఇక్కడ 2012 నుంచి 2019 మోడల్ వరకు అమ్మారు. జపాన్‌లో దీని పేరు ఆక్వా. 1.5 లీటర్ ఇంజను, వెనక సీటు కింద 144 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ, అన్నీ కలిపి 99 హార్స్‌పవర్.

ఇప్పుడు ఏది దొరికినా సెకండ్ హ్యాండే. చూడ్డానికి వెళ్లినప్పుడు ఏ చిన్న తేడా కనిపించినా ‘బ్యాటరీ పోయింది’ అని వెనక్కి వచ్చేవాళ్లున్నారు. నిజంగా పెద్ద లోపం ఉన్నా ‘హైబ్రిడ్ అంటే ఇంతే’ అన్న అమ్మకందారు మాట నమ్మేవాళ్లూ ఉన్నారు. ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఈ రెండో రకం వాళ్లే. అందుకే లక్షణం దగ్గర మొదలుపెట్టి కారణం దాకా వెళ్దాం.

బటన్ నొక్కితే ‘రెడీ’ లైటు రావడం లేదు

ముందు బ్రేక్ పెడల్ గట్టిగా తొక్కి చూడండి. తాళంలో బ్యాటరీ బలహీనమైతే తాళాన్ని పవర్ బటన్‌కి ఆనించి నొక్కాలి. అయినా రాకపోతే, డాష్‌బోర్డు లైట్లు మసకగా వెలిగినా, సంబంధం లేని హెచ్చరికలన్నీ ఒకేసారి వచ్చినా, చాలాసార్లు కారణం పెద్ద బ్యాటరీ కాదు, 12 వోల్టుల చిన్న బ్యాటరీ.

ఈ కారులో మామూలు స్టార్టర్ మోటార్ లేదు. చిన్న బ్యాటరీ పని కంప్యూటర్లను లేపడం, పెద్ద బ్యాటరీని కారుకి కలిపే రిలేలను (విద్యుత్ స్విచ్‌లను) వేయడం, అంతే. అందువల్ల మామూలు కార్లలాగా స్టార్ట్ అవ్వడానికి మూలుగుతూ ముందుగా హెచ్చరించదు. నిన్న బాగానే ఉండి ఇవాళ అసలు పలకదు.

అన్నీ ఆపేసి కాసేపు ఆగాక మీటరుతో కొలిస్తే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12 కంటే తక్కువ ఉంటే ఛార్జ్ చేసి మళ్లీ చూడండి, నిలవకపోతే మార్చేయండి. ఆటో పార్ట్స్ షాపుల్లో చాలాచోట్ల ఉచితంగానే పరీక్షిస్తారు. జంప్ ఇవ్వాల్సి వస్తే బానెట్ కింద జంప్ స్టార్ట్ కోసమే పెట్టిన పాజిటివ్ టెర్మినల్ ఎక్కడుందో మాన్యువల్‌లో చూసి దాన్నే వాడండి. ప్లస్, మైనస్ తారుమారైతే పెద్ద బ్యాటరీ కరెంటుని మోటారుకి అందించే ఇన్వర్టర్ దాకా దెబ్బ తగలొచ్చు, ఇక్కడ తొందర పనికిరాదు. ఈ కారుతో వేరే కారుకి జంప్ ఇవ్వకండి.

నెల రోజులు ఇండియాకి వెళ్తుంటే చిన్న బ్యాటరీ నెగెటివ్ కేబుల్ తీసి వెళ్లండి. లేదా వారానికోసారి అరగంట సేపు ‘రెడీ’లో ఉంచమని ఫ్రెండ్‌కి చెప్పండి. ఆ అరగంటా ‘పి’లోనే ఉండాలి. ‘ఎన్’లో ఉంటే పెద్ద బ్యాటరీ ఛార్జ్ కాదు.

గీతలు చకచకా పడిపోతున్నాయి, వెనక ఫ్యాన్ హోరెత్తుతోంది

బ్యాటరీ గుర్తు నిండుగా ఉండి రెండు మలుపులకే అడుగుకి చేరడం, మళ్లీ వెంటనే నిండటం, ఇంజను ఆగకుండా తిరగడం, వెనక సీటు దగ్గర ఫ్యాన్ మోత. ఇవి కలిసి కనిపిస్తే పెద్ద బ్యాటరీని అనుమానించాల్సిందే. స్కానర్‌లో పీ0ఏ80 కోడ్ వస్తే అనుమానం దాదాపు తీరినట్టే.

కారణం వయసు, వేడి. టెక్సస్, అరిజోనా ఎండల్లో పెరిగిన కారైతే ఇంకా జాగ్రత్తగా చూడాలి. బ్యాటరీకి గాలి వెనక సీటు దగ్గరున్న చిన్న జాలీ గుండా వెళ్తుంది. అక్కడ బ్యాగులు అడ్డుపెట్టినా, కుక్క వెంట్రుకలు, దుమ్ము పేరుకున్నా బ్యాటరీ వేడెక్కుతుంది. జాలీ ఎలా ఉందో చూస్తే పాత ఓనరు కారుని ఎలా చూసుకున్నాడో కూడా తెలిసిపోతుంది.

స్కానర్ అంటే పెద్దదేమీ కాదు. కారు కంప్యూటర్ సమాచారం చదివే ఒక మంచి బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్, ఫోన్‌లో డాక్టర్ ప్రియస్ లాంటి యాప్ చాలు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు బ్యాటరీలో ఏదో ఒక బ్లాక్ (సెల్స్ గుంపు) వోల్టేజీ మిగతావాటికంటే బాగా కిందికి జారితే అది అలసిపోయినట్టు. అదే స్కానర్‌తో రెడీనెస్ మానిటర్లు (కారు తనని తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చెప్పేవి) కూడా చూడండి. ఎక్కువ భాగం ‘నాట్ రెడీ’ అని చూపిస్తే ఈ మధ్యే ఎవరో కోడ్‌లు చెరిపేశారు, లేదా చిన్న బ్యాటరీ తీసి పెట్టారు. గొడవ పడక్కర్లేదు. అమ్మకందారునే కొన్ని రోజులు నడపమని, తర్వాత మళ్లీ వచ్చి చూస్తానని చెప్పండి. దానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మంచిది.

ప్యాక్‌లో మొత్తం 20 మాడ్యూళ్లుంటాయి. చెడిన ఒక్కటి మార్చి ఇస్తామని చౌకగా చెప్పేవాళ్లు దొరుకుతారు. నేనైతే వద్దంటాను. మిగతావి కూడా అదే వయసువి, కొన్ని నెలల్లో ఇంకోటి పోతుంది. మారిస్తే కొత్త సెల్స్‌తో మొత్తం ప్యాక్ మార్చాలి, ఆ ఖర్చు కారు ధరలోంచి తగ్గించమని అడగాలి. ఈ కార్లకి హైబ్రిడ్ భాగాల అసలు వారంటీ 8 ఏళ్లు లేదా 100,000 మైళ్లు కాబట్టి చాలా కార్లకి అది అయిపోయింది. కాలిఫోర్నియా ఉద్గార నియమాలు పాటించే రాష్ట్రాల్లో బ్యాటరీకి 10 ఏళ్లు లేదా 150,000 మైళ్లు ఉంటుంది, వాటిలో చివరి మోడళ్ల గురించి అడిగి చూడొచ్చు.

చల్లటి ఇంజను స్టార్ట్ కాగానే కారంతా ఊగిపోతోంది

నాకు అన్నిటికంటే భయం దీనితోనే. కొన్ని సెకన్లు టకటకమని కొట్టుకుని, తర్వాత ఏమీ ఎరగనట్టు సర్దుకుంటుంది. ఒక కారణం ఈజీఆర్ (పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజనులోకి పంపే ఏర్పాటు) దారుల్లో మసి పేరుకోవడం. రెండోది హెడ్ గాస్కెట్ (ఇంజను పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) దగ్గర కూలెంట్, అంటే ఇంజనుని చల్లబరిచే ద్రవం, సిలిండర్లోకి కారడం. ఈ జబ్బుకి బాగా పేరుపడింది 2010 నుంచి 2015 దాకా వచ్చిన పెద్ద ప్రియస్. సి ఇంజను వేరే. అయినా దీనిలోనూ ఈజీఆర్ ఉంది కాబట్టి వదిలేయకూడదు.

కారు చూడ్డానికి వెళ్లే రోజు ముందుగా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు పొద్దున్నే వెళ్లండి. కూలెంట్ ట్యాంకులో మట్టం గీత కంటే తక్కువుందా, బయట ఎక్కడా లీకు లేకుండానే తగ్గుతోందా చూడాలి. అనుమానముంటే మెకానిక్‌తో ప్రెషర్ టెస్ట్ చేయించండి. మసి అయితే ఈజీఆర్ శుభ్రం చేయిస్తే సరిపోతుంది. గాస్కెట్ అయితే ఆ కారు వదిలేయండి.

మైలేజీ చెప్పినంత రావడం లేదు

2012 మోడల్‌కి ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) ఇచ్చిన లెక్క సిటీలో 53, హైవేలో 46, కలిపి 50 ఎంపీజీ (గ్యాలన్‌కి మైళ్లు). తర్వాత లెక్కగట్టే పద్ధతి సవరించాక కలిపి 46కి దిగింది. కాబట్టి 45 దగ్గర వస్తుంటే కారులో తప్పేమీ లేదు.

చలికాలంలో ఇంకా పడుతుంది. సిటీలో 77 డిగ్రీల ఫారెన్‌హీట్‌తో పోలిస్తే 20 డిగ్రీల దగ్గర మామూలు కార్ల మైలేజీ దాదాపు 15 శాతం తగ్గుతుందని, హైబ్రిడ్లది 30 నుంచి 34 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. హీటర్‌కి వేడి ఇంజను నుంచే రావాలి, అందుకని రెడ్ లైటు దగ్గర కూడా ఇంజను ఆగదు. టైర్లలో గాలి డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసినంత పెట్టండి, పనులన్నీ ఒకే ట్రిప్పులో చూసుకోండి. ఎండాకాలంలో కూడా హఠాత్తుగా పడిపోతే మాత్రం బ్రేకులు పట్టేశాయేమో, పెద్ద బ్యాటరీ నీరసించిందేమో చూడాలి.

హైవే ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తోంది

ఇది లోపం కాదు, ఈ కారు స్వభావం. గేర్లు మారవు, తొక్కినంతసేపూ ఇంజను ఒకే ఎత్తులో అరుస్తుంది. 99 హార్స్‌పవర్‌తో 75 మైళ్ల ట్రాఫిక్‌లో కలవాలంటే ర్యాంపు మొదటినుంచే తొక్కాలి. రోజూ హైవే మీదే గంట ప్రయాణమైతే ఈ కారు మీకు కాదు. సిటీలో ఆగుతూ సాగుతూ ఆఫీసుకి వెళ్లేవాళ్లకి ఇంతకంటే తక్కువ ఖర్చుతో నడిచేవి అరుదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు నాలుగు పెద్ద సూట్‌కేసులతో దిగే రోజున మాత్రం ఎయిర్‌పోర్టుకి ఇంకో కారు కూడా తీసుకెళ్లండి.

పొద్దున స్టార్ట్ చేస్తే ట్రాక్టర్ శబ్దం

రాత్రి ఎవరో కాటలిటిక్ కన్వర్టర్ (పొగని శుభ్రం చేసే, కారు కింద ఉండే భాగం) కోసుకెళ్లారు. అందులోని ప్లాటినం, పల్లాడియం, రోడియం కోసం ప్రియస్‌లని ఏరి మరీ దొంగిలిస్తారు. పోలీస్ రిపోర్టు, తర్వాత ఇన్సూరెన్స్ క్లెయిమ్. లయబిలిటీ (ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే ఇచ్చే) పాలసీ ఒక్కటే ఉంటే పైసా రాదు, దొంగతనాలకి కూడా వర్తించే కాంప్రిహెన్సివ్ ఉంటేనే డిడక్టబుల్ (మన జేబులోంచి కట్టే వాటా) పోగా మిగతాది వస్తుంది. కారు రాత్రంతా వీధిలో ఉండేటట్టయితే కొన్న వారంలోనే కింద లోహపు షీల్డ్ బిగించుకోండి.